నేను చెప్పని జవాబు

నమోదు 1

రొయ్యల గూడు సగం పైకి లాగాక నా చేతిపట్టీ మోగింది. రెండు చేతులూ తాడు మీదున్నాయి. అవతలి కొసన నాన్న ఉన్నాడు.

"సూడవే, ఆళ్ళదే అయ్యుంటాది" అన్నాడు.

"గూడు పైకి రానీ నాన్నా."

వదిలేస్తే గూడు మళ్ళీ అడుక్కి పోతుంది. దాన్ని దిమ్మ మీదికి చేర్చి, ఉప్పు చేతులు ఓణీకి తుడుచుకుని అప్పుడు చదివాను. తూర్పు గట్టు వైద్య కళాశాల నుంచి వచ్చిన సందేశం. "తిరుమాని హైమావతి గారికి. ప్రతిరూప సంభాషణలో మీరిచ్చిన జవాబులను బట్టి మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలవలేకపోతున్నాం."

'మీరిచ్చిన జవాబులు' అన్నచోటే ఆగిపోయాను. నేను రాతపరీక్ష రాశాను. మంచి మార్కులొచ్చాయి. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనెవరికీ ఏ జవాబూ ఇవ్వలేదు.

ప్రతిరూపం అంటే ఏమిటో, నీళ్ళలో కాళ్ళ మీద నిలబెట్టిన, అలలకు ఊగే మా దిమ్మల మీద చిన్నపిల్లలకు కూడా తెలుసు. పరీక్ష గట్టెక్కినవాళ్ళు వేలల్లో ఉంటారు, అందరినీ కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక కళాశాలకు లేదు. అందుకని ఒక్కొక్కరికీ ఒక బొమ్మను తయారుచేస్తారు. మన బడి రికార్డులు, చేతిపట్టీ లెక్కలు, మనం పంపిన సందేశాలు, మన గొంతు, అన్నీ కలిపి మన ముఖంతోనే మాట్లాడే బొమ్మ. దాన్ని యంత్రం ప్రశ్నలడుగుతుంది. బొమ్మ బాగా మాట్లాడితే మనిషిని పిలుస్తారు. గట్టు మీద దాన్ని ప్రతిరూపం అంటారు. మేం బొమ్మ అనే అంటాం.

"మార్కులు సాల్లేదా?" అన్నాడు నాన్న.

"మార్కులు చాలాయి. మాటలు బాగాలేవట."

నాన్న రొయ్యలు ఏరుతూ ఆగాడు. "మాటలేటి? నువ్వు అక్కడికి ఎల్లనే లేదు గదా."

మా నాన్నకు చదువు రాదు. ఆ ఒక్క మాటా కళాశాలలో ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అర్థం కావడం లేదు.

నమోదు 2

తిరస్కరించినవాళ్ళకు తమ బొమ్మ మాటలు చూసే హక్కుందట. సందేశం అడుగున చీమల్లాంటి అక్షరాలతో ఉంది. కాకపోతే స్వయంగా గట్టు మీది ఆఫీసుకు వెళ్ళి చూడాలి. దిమ్మల నుంచి గట్టుకు ఒక పూట పడవలో, మరో పూట బస్సులో ప్రయాణం. అందుకే ఎవరూ వెళ్ళరు.

మా పక్కింటి రూబేను కూడా ఈ ఏడు దరఖాస్తు పెట్టాడు. కిందటేడూ పెట్టాడు. రెండుసార్లూ ఇదే సందేశం వచ్చింది. రూబేనుది నా వయసే. నీళ్ళలోకి దిగి దిమ్మ కాళ్ళకు పట్టిన నత్తలు గీకి, పగుళ్ళు పూడుస్తాడు. మా దిమ్మ పేరు కొత్త మొగల్తూరు. పాత మొగల్తూరు మా కాళ్ళ కింద నీళ్ళలో ఉంది. రూబేను రోజూ దాని ఇళ్ళ కప్పుల మీద నిలబడి పని చేస్తాడు.

ఇవాళ నేను ఉప్పు తీసే యంత్రం జల్లెడ కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అంత దూరం ఎల్లి సూసొచ్చి ఏం సేత్తావ్?"

"తెలీదు. నా ముఖం పెట్టుకుని ఏం మాట్లాడిందో వినాలి కదా."

"ఇంటే మరీ మండుద్ది."

"ఇప్పుడు మండటం లేదా?"

రూబేను జల్లెడ రెండో కొస పట్టుకున్నాడు.

నమోదు 3

చూశాను.

చిన్న గది, గోడంత తెర. పక్కన ఒక గుమాస్తా కూర్చున్నాడు. నెమ్మదైన మనిషి, నాకు మంచినీళ్ళిచ్చాడు. తెర వెలిగేసరికి అందులో నేను కూర్చుని ఉన్నాను. నా ముఖం, నా ముక్కుపుడక, ఎడమ కనుబొమ మీద నా మచ్చ. మాట మాత్రం నాది కాదు. "సెప్తానండి, అలాగేనండి, మాకేటి తెలుద్దండి" అంటోంది. మా నాన్న అలాగే మాట్లాడతాడు. ఆ యాసంటే నాకు సిగ్గు లేదు. ఎప్పుడైనా నా నోటా వస్తుంది. కానీ తెరమీద విన్నది మా యాస కాదు. మమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్ళు మాకు కట్టిన వేషం.

యంత్రం అడిగింది: "మీ మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడిన సందర్భం చెప్పండి."

నా బొమ్మ అంది: "అలాంటిదేం లేదండి. తుఫాను తరవాత రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నానండి. ఇంటి పని సేసుకున్నాను."

గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ తుఫానుకు మా సిగ్నల్ స్తంభం కూలింది. రెండేళ్ళదాకా మళ్ళీ నిలబెట్టలేదు. ఆ రెండేళ్ళలోనే దిమ్మలన్నిటికీ విషజ్వరం పట్టింది. వలలు ఆరబెట్టే పాకను జ్వరప్పాక చేశాం. ఆసుపత్రి పడవతో వచ్చిన డాక్టర్ సబీహా గారు తిరిగి వెళ్ళకుండా మాతోనే ఉండిపోయారు. నేను ఆ పాకలోనే తిన్నాను, ఆ పాకలోనే పడుకున్నాను. డాక్టరు కావాలని అనుకున్నది అక్కడే.

యంత్రం ఇంకోటి అడిగింది: "రోగి మందు వేసుకోనంటే ఏం చేస్తారు?"

"మా పెద్దోళ్ళని అడిగి సెప్తానండి" అంది నా బొమ్మ.

అంతే. తెర ఆరిపోయింది.

"ఈ మాటలు దానికెక్కడివి?" అని గుమాస్తాను అడిగాను.

ఆయన రికార్డు తెరిచి చూశాడు. "మీకు రెండేళ్ళ సమాచారం లేదమ్మా. ఖాళీ ఉన్నచోట, మీ ప్రాంతంలో మీ వయసు ఆడపిల్లలు మామూలుగా ఎలా ఉంటారో దాంతో పూడుస్తారు. అది అందరికీ వర్తించే నియమమే."

"ఖాళీ అందరికీ ఉంటుందా?"

ఆయన రికార్డు మూసేశాడు.

"గట్టు మీద ఎవరి స్తంభమైనా రెండేళ్ళు కూలిపోయి ఉందా అండి?"

"నేను పెట్టిన నియమం కాదమ్మా" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కళాశాలలో ఎవర్నడిగినా ఆ మాటే వస్తుంది, అదీ అబద్ధం కాదు. నియమం మటుకు దానంతటదే పుట్టి, దానంతటదే నా నోరు మూసింది.

తిరుగు పడవలో ఏడవలేదు. కోపం పైదాకా ఉంది, ఏడుపుకు చోటు మిగల్లేదు. ఒకటి మాత్రం అనుకున్నాను. ఇకనుంచి ముఖ్యమైనదేదీ వదలకుండా ఇలా రాసిపెడతాను. నా రోజుల్లో ఖాళీ దొరికితే అందులో ఏం పోస్తారో చూశాను.

నమోదు 6

రూబేను వెళ్ళొచ్చాడు. నేను పడవరేవులోనే ఎదురుచూశాను. దిగుతూనే అడిగాను.

"మందు ఏసుకోనంటే ఏం సేత్తావని అడిగింది" అన్నాడు.

"నీ బొమ్మ ఏమంది?"

"మా పెద్దోళ్ళని అడిగి సెప్తానండి, అంది."

ఒక్క అక్షరం తేడా లేదు. అతనికీ నాకూ కలిపి ఒకే నోరు అతికించారు. నేను ఆడపిల్లనని నా రెండేళ్ళనూ ఇంటి పనితో నింపారు. రూబేను మగపిల్లాడని అతని రెండేళ్ళనూ 'పని లేక ఖాళీగా తిరిగానండి'తో నింపారు. జ్వరం రోజుల్లో శవాలను ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, రూబేనూ ఇంకో ఇద్దరూ వాటిని గుడ్డలో చుట్టి పడవలో దహనాల రేవుకు తీసుకెళ్ళేవాళ్ళు. ఎన్ని తీసుకెళ్ళాడని నేనెప్పుడూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ వాక్యం దిమ్మంతా పాకింది. ఇప్పుడిక్కడ ఎవరు ఏమడిగినా అదే జవాబు. రొయ్యలెంతకిస్తావంటే "మా పెద్దోళ్ళని అడిగి సెప్తానండి." అన్నం పెట్టమంటారా అంటే "మా పెద్దోళ్ళని అడిగి సెప్తానండి." నవ్వుతున్నారు. నాన్న కూడా నవ్వాడు. తర్వాత వల కుట్టుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

నమోదు 9

కళాశాల నడిపే ఆసుపత్రి పడవ వచ్చింది. నాన్న గుండె దగ్గర పెట్టిన యంత్రాన్ని సబీహా గారు పరీక్షించారు. అయ్యాక నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు ఇంటి పని చేసుకున్నావా?"

"అలాగని చెప్పానట మేడం."

"నేను రాసిస్తాను. నా సంతకంతో."

రాసిచ్చారు, అప్పుడే పంపాను. అరగంటలో కళాశాల నుంచి జవాబొచ్చింది. వ్యక్తుల వాంగ్మూలాలు చెల్లవు, ఆ కాలంలో నమోదైన సమాచారం ఉంటేనే పరిశీలిస్తారట. ఆ కాలంలో సమాచారం నమోదు చేసే స్తంభం కూలిపోయి ఉందని కదా మేం మొత్తుకుంటున్నది.

సబీహా గారు ఆలోచించి ఆలోచించి పడవలోకి వెళ్ళారు. పాత రికార్డరు ఒకటి తెచ్చారు. జ్వరప్పాకలో మందుల వివరాలు చెప్పి పెట్టుకోవడానికి వాడినది. దాన్ని ఆపడం మరిచిపోయిన రోజులు చాలా ఉన్నాయి. అందులో నా గొంతు ఉంది. బంగారమ్మ గొంతూ ఉంది.

బంగారమ్మ మా దిమ్మలో చేపలు ఎండబెట్టే మనిషి. ఆవిడకూ కూతురు మరిడమ్మకూ ఒకేసారి జ్వరం వచ్చింది. మందు చాలదని, తన వంతు కూతురికి పొయ్యమని మొండికేసింది. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. చివరికి నేను ఆవిడ ఎదుట కూర్చుని ఒక గుక్క తాగాను. చేదుకు నా ముఖం ఎలా అయిందో, బంగారమ్మ పడీ పడీ నవ్వింది. "నీ మొకం సూడలేకపోతన్నాను, ఇటియ్యి" అని తాగింది. నాలుగు రోజులు అలాగే తాగించాను. ఐదో రోజు మధ్యాహ్నం తల దువ్వమంది. దువ్వి జడ అల్లుతుండగా పోయింది. సగం అల్లిన జడను అలాగే వదలడానికి మనసొప్పక చివరిదాకా అల్లాను.

అదంతా రికార్డరులో ఉంది.

"ఇది పంపనా?" అన్నారు సబీహా గారు. "పంపితే ఇది కళాశాలదైపోతుంది. నిబంధనల్లో అలాగని రాసుంది."

నాన్న అడ్డొచ్చాడు. "ఆళ్ళ పడవ మీదే బతుకుతన్నాం డాక్టరమ్మా. రేపు మీకేదన్నా అయితే?"

"నాకేం కాదు అబ్బులు గారూ."

నేను మరిడమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. వాళ్ళమ్మ మాటలు కదా. మరిడమ్మ చేప పొలుసు తీస్తోంది. "నువ్వు డాక్టరువైతే మా అమ్మకీ సంతోసమే, పంపు" అంది.

నమోదు 13

నా బొమ్మను మళ్ళీ తయారుచేశారు. ఈసారి అది బాగా మాట్లాడిందట. నన్ను పిలిచారు.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. వాళ్ళకు ముందే బొమ్మ మాటలు చూపిస్తారు. అందుకని ముగ్గురూ బంగారమ్మ గురించే అడిగారు. నేను చెప్పాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఎంపిక విభాగం అధిపతి డాక్టర్ శేషగిరి గారు, చాలా మర్యాదస్తుడు, చివర్లో నన్నూ ఏమైనా అడగమన్నారు.

"రూబేనును ఎందుకు పిలవలేదండి?" అన్నాను.

"ఎవరు?"

"కామాడి రూబేను. మా పక్కిల్లు. అతని బొమ్మా నా మొదటి బొమ్మా ఒకే మాట చెప్పాయి. దిమ్మల మీద అందరి బొమ్మలూ అదే మాట చెబుతున్నాయి."

"మీ దగ్గర రికార్డు ఉంది కాబట్టి సరిదిద్దగలిగాం. ఆయన దగ్గర ఏదైనా ఉంటే పంపమనండి."

"శవాలు మోసినవాడి దగ్గర రికార్డరు ఎందుకుంటుందండి?"

"మీ ఆవేదనను పరిశీలిస్తాం" అన్నారు శేషగిరి గారు. అదే మాట కాగితం మీద రాసుకున్నారు కూడా.

నమోదు 14

సీటొచ్చింది. దిమ్మంతా మా ఇంటి ముందే ఉంది. రూబేను నీళ్ళలోంచి అప్పుడే వచ్చి తడిబట్టలతోనే నిలబడ్డాడు. "ఎల్లు. లోపలుండి సూడు" అన్నాడు. అతని గొంతులో అసూయ లేదు. ఉండుంటే నాకింత కష్టంగా ఉండేది కాదు.

నమోదు 41

కళాశాలలో ఏడాది కావస్తోంది. శరీర నిర్మాణం, నరాలు, ఎముకలు. హాస్టల్లో నేల కదలదు, మొదటి నెలంతా దానికే నిద్ర పట్టలేదు. ఇవన్నీ ఇంతకుముందే రాశాను.

ఇవాళ సంతోషమైన వార్త. ఈ ఏడు దిమ్మల నుంచి పదకొండు మందిని ఇంటర్వ్యూకు పిలిచారు. ఇంతకుముందెన్నడూ ఇద్దరు దాటలేదు. అందులో రూబేను ఉన్నాడు. శేషగిరి గారు వరండాలో ఎదురై తనే ఆగి చెప్పారు. "మీరు లేవనెత్తిన విషయాన్ని మేం పక్కన పెట్టలేదమ్మా." నేను నమస్కారం పెట్టాను.

నమోదు 42

ఆ నమస్కారం వెనక్కి తీసుకుంటున్నాను.

పిలుపు వచ్చినవాళ్ళు కూడా తమ బొమ్మను చూడవచ్చు. రూబేను చూడటానికి వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. అదే గది, అదే గుమాస్తా. తెర మీద రూబేను ముఖం.

"మీ మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడిన సందర్భం చెప్పండి."

"మా దిమ్మలో బంగారమ్మ అని ఉండేదండి" అంది రూబేను బొమ్మ. "మందు తాగనంటే నేనే ఒక గుక్క తాగి చూపించాను. నా ముఖం చూసి నవ్వింది. చివరి రోజు తల దువ్వమంది. జడ అల్లుతుండగా పోయింది."

రూబేను కుర్చీలో ముందుకు వంగాడు. తన రెండు చేతుల కేసి చూసుకున్నాడు. నత్తలు కోసిన గీతలతో నిండిన చేతులు.

"నాకు జడ అల్లడం రాదు" అన్నాడు.

గుమాస్తా ఈసారి నా కళ్ళలోకి చూడలేదు. మిగతా పది మంది బొమ్మల మాటలేమిటని అడిగాను. తెలిసినా చెప్పకూడదన్నాడు. తర్వాత, చాలా నెమ్మదిగా, "అన్నీ అదేనమ్మా" అన్నాడు.

నమోదు 43

శేషగిరి గారి గదికి వెళ్ళాను. ఆయన కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"ఒకరి బతుకును పదకొండు మందికి తొడిగారు" అన్నాను.

"హైమావతీ, మామూలు లెక్కతో పూడుస్తున్నామని కదా మీ ఫిర్యాదు? ఇప్పుడు మీ ప్రాంతంలో నిజంగా జరిగినదాంతో పూడ్చాం. ఫలితం మీరే చూశారు. పదకొండు మంది."

"అది వాళ్ళకు జరగలేదండి."

"మామూలు లెక్క మటుకు జరిగిందా? ఏదో ఒకటి పెట్టాలి. ఇది వాళ్ళకు మేలు చేస్తోంది."

"వాళ్ళనే అడగొచ్చు కదా."

ఆయన నిట్టూర్చారు. కోపం లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. "అందరినీ అడగగలిగితే ప్రతిరూపాలు ఎందుకమ్మా? ఆలోచించుకోండి. మీరు దీన్ని పెద్దది చేస్తే రద్దయ్యేది ఎవరి పిలుపులు?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను. నోరెత్తితే పదకొండు మంది ఇంటికి పోతారు. ఎత్తకపోతే, రూబేను లోపలికి వెళ్ళి బంగారమ్మ జడ తానే అల్లానని చెప్పాలి. మొదట మా నోట్లో అబద్ధం పెట్టి మమ్మల్ని బయటికి తోశారు. ఇప్పుడు మా నోట్లో అబద్ధం పెట్టి లోపలికి రమ్మంటున్నారు. రెండుసార్లూ మమ్మల్ని అడగలేదు.

నమోదు 44

సెలవు పెట్టి ఇంటికొచ్చాను. పిలుపు వచ్చిన పదకొండు మందినీ వలల పాకలో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. నాకు సీటుంది కాబట్టి నేను చెప్పకూడదనిపించింది.

వేరే దిమ్మ నుంచి వచ్చిన పిల్ల ఒకతె అంది, "ఊరుకుందామక్కా. లోపలికి పోయాక మనలాంటోళ్ళకి మంచి సేద్దాం." ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. నేనైనా అదే అనేదాన్నేమో.

మరిడమ్మ గుమ్మంలో నిలబడి వింటోందని నాకు తెలియదు. లోపలికొచ్చింది.

"అంటే మా అమ్మ పదకొండు సార్లు సచ్చిపోయిందా?"

ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"హైమకిచ్చాను. హైమ దగ్గరుంది కాబట్టి ఇచ్చాను. ఈ పిల్లల్లో సగం మంది మా అమ్మ మొకమే ఎరగరు."

ఆవిడ వెళ్ళిపోయాక రూబేను లేచాడు. "నేను లోపలికెల్లి అది నాది కాదని సెప్తాను. మిగతాది మీ ఇట్టం. ఎవరేం సేసినా నేను తప్పు పట్టను" అన్నాడు.

నాన్న నన్ను పక్కకు పిలిచాడు. "నీ సీటు తీసేత్తారేమోనే."

"తీసేస్తే?"

కాస్త ఆలోచించాడు. "తీసేత్తే గూళ్ళు లాగడానికి రెండో మనిసి దొరికినట్టే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి గుండె మీదుంది.

నమోదు 45

ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్ళను గది దాకా తీసుకెళ్ళే పని మొదటి ఏడు విద్యార్థులది. ఆ పనిలో నా పేరు నేనే వేయించుకున్నాను.

రూబేనే ముందు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా, వాళ్ళ నాన్న చెప్పులు. తలుపు మూసుకుంది. టీ తాగినంతసేపు కూడా కాలేదు, మళ్ళీ తెరుచుకుంది.

"ఏమైంది?"

"బంగారమ్మ గురించి సెప్పమన్నారు. అది నేను కాదండి, నా రెండేళ్ళ గురించి నన్నెవరూ అడగలేదు, అడిగితే సెప్తానన్నాను." గోడకు ఆనుకున్నాడు. "ప్రతిరూపంతో మాట సరిపోవటం లేదంట. ఎల్లమన్నారు."

బెంచీ మీద పది మందీ విన్నారు. తర్వాతి పిలుపు ఊరుకుందామన్న పిల్లది. ఆ పిల్ల రూబేను ముఖం కేసి చూసి, చున్నీ సర్దుకుని లోపలికి నడిచింది. అంతే త్వరగా బయటికొచ్చింది. "నేనూ అదే సెప్పానక్కా" అంది.

మూడో పిల్లాడు వెళ్ళాడు, వచ్చాడు. నాలుగో అతనూ అంతే. ఐదో అమ్మాయి బయటికొచ్చిన తర్వాత ఇంకెవర్నీ పిలవలేదు. లోపల గొంతులు పెరిగాయి. శేషగిరి గారు వేగంగా వరండాలోకి వచ్చి నా దగ్గర ఆగారు.

"మీరు చెప్పించారా?"

"నేను జరిగింది చెప్పానండి. వాళ్ళు ఉన్నది చెబుతున్నారు."

ఆయన వెనకే ముగ్గురిలో పెద్దావిడ వచ్చింది, కిందటేడు కళ్ళు తుడుచుకున్న ఆవిడే. ముఖం ఎర్రగా ఉంది. "శేషగిరి గారూ, నేను ఆ ముసలామె కోసం ఈ అమ్మాయి ముందు కూర్చుని ఏడ్చాను. ఇవాళ అదే చావును ఐదుసార్లు తెర మీద చూపించారు. నన్నేమనుకుంటున్నారు మీరు?" అంది. గదిలోకి తిరిగి వెళ్ళింది. తెర తీగ గోడలోంచి ఊడబీకిన చప్పుడు మాకు వినిపించింది.

ఆరో మనిషిని పిలిచారు. అతను బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఏడో మనిషికీ అంతే. మధ్యాహ్నం భోజనానికి ఆగలేదు. పదకొండో మనిషి అయ్యాక, ముందు పంపించేసిన ఐదుగురినీ పెద్దావిడే వచ్చి పేరు పేరునా పిలిచింది. రూబేను అందరికన్నా చివర వెళ్ళాడు. బయటికొచ్చేసరికి వరండాలో ఊడ్చేవాళ్ళు వచ్చేశారు.

"ఏమడిగారు?" అన్నాను.

"ఆ రెండేళ్ళూ ఏం సేశావని అడిగారు."

"అంతేనా?"

"అంతే. నేనే ఆపకుండా సెప్పాను." మంచినీళ్ళు అడిగి గ్లాసంతా తాగాడు. "జ్వరప్పాకలోకి ఎందుకెల్లలేదని కూడా అడిగారు. బయమేసిందని సెప్పాను. సచ్చినోళ్ళని మోశాను గానీ, బతికున్నోళ్ళ మూలుగు ఇనలేకపోయాను. అది కూడా సెప్పేశాను."

"ఎందుకు చెప్పావు?"

"అడిగారుగా."

నమోదు 47

ఫలితాలొచ్చాయి. పదకొండు మందిలో నలుగురికి సీట్లు. ఊరుకుందామన్న పిల్లకు వచ్చింది. రూబేనుకు రాలేదు.

వచ్చే ఏటి నుంచి రికార్డులో ఖాళీ ఉన్న దరఖాస్తులను మనిషి చూస్తాడని కళాశాల ప్రకటించింది. 'వీలైనంత వరకు' అని చివర్లో తగిలించింది. ఎంపిక రహస్యాలు బయటపెట్టినందుకు నాకు నోటీసిచ్చారు, వివరణ ఇవ్వాలి. సబీహా గారిని పడవ నుంచి తీసి గట్టు మీది ఆఫీసులో వేశారు. ఇక దిమ్మలకు వచ్చే పడవలో యంత్రం ఒక్కటే వస్తుంది. నాన్న గుండెను అదే చూస్తుంది. దీనికి కారణం అడిగితే మామూలు బదిలీ అన్నారు.

వివరణ రాయడం సగంలో ఆపి రూబేనుకు ఫోన్ చేశాను. దిమ్మ కాలి దగ్గర పనిలో ఉన్నాడు, నీటి చప్పుడు వినిపిస్తోంది. జ్వరప్పాకలోకి వెళ్ళలేదని చెప్పకుండా ఉంటే సీటొచ్చేదేమో అన్నాను. అన్యాయం అన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను అంతా విన్నాడు.

"కిందటేడు, అంతకుముందేడు కాదన్నది ఎవర్నో నాకు తెల్దు హైమా" అన్నాడు. "ఈసారి కాదన్నది నన్నే."

ఊపిరి పీల్చుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగిన చప్పుడు వినిపించింది. నేను వివరణ కాగితం ముందుకు లాక్కుని, క్షమించమని రాసిన మొదటి వాక్యం కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టాను.